మన బృందగాన సమాఖ్య వార్షిక నివేదిక, 2024–25

సభ్య బృందాలకు నమస్కారం.

పాడేవాళ్లకు మన దగ్గర ఎప్పుడూ కొదవ లేదు. పాటల ప్రతులు తీయించడం, హాలు మాట్లాడటం, లెక్క రాయడం, కొత్తగా చేరినవాళ్ల పక్కన నిలబడి గొంతు కలిపించడం లాంటి పనులకే మనుషులు దొరకరు. దొరికిన ఒక్కరి నెత్తిన అన్నీ పడతాయి. ఆ ఒక్కరికి బదిలీ అయినా, ఇంట్లో పిల్లల పరీక్షలొచ్చినా బృందం మూగబోతుంది. అందుకని ఈ ఏడాది కార్యవర్గం కచేరీలు పెంచే ఆలోచన పక్కనపెట్టి పనుల పంపకం మీదే కూర్చుంది. ఈ నివేదికలోనూ ఎక్కువ భాగం దాని గురించే. ఆడిట్ అయిన జమాఖర్చులు అనుబంధంలో ఉన్నాయి, మళ్లీ ఇక్కడ రాయడం లేదు.

పనుల పంపకం

ఏ బాధ్యతకైనా ఇద్దరుండాలన్నది ఈ ఏడాది పెట్టుకున్న నియమం. రెండో మనిషి పేరు కాగితం మీద ఉంటే చాలదు. నాలుగు సాధనల్లో ఒకటి ఉపనాయకులే మొదటి నుంచి చివరి దాకా నడపాలి. ఆ రోజు నాయకులు వెళ్లి గాయకుల మధ్య కూర్చోవాలి. ఎదురుగా నిలబడితే వినపడనివి అక్కడ వినపడతాయి. కింది గొంతువాళ్లు తమ స్వరాలు వదిలేసి పై గొంతు వెంట పోవడం, రెండో వరసలో ఎవరో తాళం పరిగెత్తించడం లాంటివి లోపల కూర్చుంటేనే పట్టుబడతాయి.

గొంతు విభాగాల పెద్దలను చాలా బృందాలు ముందు వరసలో నిలబెడుతున్నాయి. అది సరికాదు. ముందున్నవాళ్ల గొంతు ముందుకే పోతుంది, వెనకవాళ్లకు అందదు. వాళ్లను రెండో వరస మధ్యలో ఉంచి, కొత్తవాళ్లను వాళ్లకు సరిగ్గా ముందు నిలబెట్టండి. చెవి వెనక సరైన స్వరం వినపడుతుంటే కొత్తవాళ్లు రెండు మూడు సాధనల్లోనే కుదురుకుంటారు. కొత్తవాళ్లను వరస చివర మాత్రం పెట్టొద్దు, అక్కడ ఒక చెవికే ఆసరా ఉంటుంది.

ప్రతులు చూసేవారి పని చిన్నదనుకుంటాం కానీ వేదిక మీద జరిగే తప్పుల్లో పెద్ద వాటా అక్కడ పుట్టేదే. ఒకరి చేతిలో పాత ప్రతి, ఇంకొకరి చేతిలో సవరించిన ప్రతి ఉంటాయి. పాతదాంట్లో పల్లవి రెండుసార్లు, కొత్తదాంట్లో ఒకసారి. సగం మంది చరణంలోకి వెళ్లిపోతారు, సగం మంది పల్లవిలోనే ఉండిపోతారు. దీనికి మూల కారణం వాట్సాప్‌లో పాత ఫైలు మళ్లీ మళ్లీ ఫార్వర్డ్ అవడం. ఇకపై ప్రతి పేజీ పైన పాట నంబరు, సవరణ తేదీ, ప్రతి నంబరు మూడూ ఉండాలి. సవరణ వచ్చిన రోజే పాతవి వెనక్కి తీసుకోవాలి. ఫైలు గ్రూపులో పెట్టకుండా డ్రైవ్ లింకు ఒక్కటే ఇవ్వాలి. అక్షరాలు 16 పాయింట్లకు తగ్గకూడదు. పది మందికి ఒకటి చొప్పున అదనపు ప్రతులు ఉంచండి, మర్చిపోయి వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

బెంగళూరు, ముంబయి వైపు బృందాల్లో తెలుగు చదవడం రాని పిల్లలు ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకుంటే పద, పాద, పడ మూడూ ఒకేలా కనపడతాయి. దీర్ఘానికి అచ్చును రెండుసార్లు రాయడం, ట డ ణ ళ లకు పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు వాడటం అందరూ ఒకేలా పాటించాలి. దాంతోపాటు మాటలను రాగం లేకుండా నెమ్మదిగా చదివిన ఆడియో కూడా ఇవ్వాలి. రాగంతో ఇస్తే పిల్లలు స్వరం పట్టుకుని మాట వదిలేస్తారు.

శ్రుతి, గొంతుల కూర్పు

ఈ ఏడాది సలహా కోసం వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ శ్రుతి గురించే, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తు గురించే. కచేరీల్లో ఆడవాళ్లు 5 దగ్గర, మగవాళ్లు 1 దగ్గర పాడటం అలవాటు (ఇవి హార్మోనియం తెల్ల మెట్ల అంకెలు, అంకె పెరిగితే శ్రుతి పెరుగుతుంది). ఇద్దరూ కలిసి పాడాలంటే ఒకే శ్రుతి కావాలి. నాయకులు తమ గొంతుకు హాయిగా ఉన్నది పెట్టేస్తున్నారు. ఆ హాయి వాళ్లొక్కరిదే. పాట ఎక్కడి నుంచి ఎక్కడి దాకా వెళ్తుందో ముందు చూడండి. కింది షడ్జం (స) నుంచి పై షడ్జం లోపలే ఉన్న పాటకు 2 శ్రుతి పెడితే ఆడవాళ్లు ఒక స్థాయి పైన, మగవాళ్లు ఒక స్థాయి కింద ఇద్దరూ ఇబ్బంది లేకుండా పాడగలరు. పాట తార గాంధారం (పై స్థాయి గ) అందుకుంటే 1కి దించాలి. మంద్ర పంచమానికి (కింది స్థాయి ప) దిగితే 3 దాకా పెంచాలి, లేకపోతే మగవాళ్లలో సగం మందికి కింది స్వరం గాలిగానే వస్తుంది. రెండు చివరలూ తాకే పాటను అందరిచేతా మొత్తం పాడించొద్దు. పై స్వరాల భాగం పై గొంతులకు, కింది స్వరాల భాగం కింది గొంతులకు పంచేయండి.

నాలుగు గొంతుల కూర్పు మీద మోజుపడే బృందాలకు కార్యవర్గం మాట ఒకటే. టెనర్లు (మగవాళ్లలో పై గొంతువాళ్లు) చాలినంత మంది లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. ఆడవాళ్లు రెండు గొంతులుగా, మగవాళ్లంతా ఒక గొంతుగా పాడే మూడు గొంతుల కూర్పే మన బృందాలకు బాగా నప్పుతోంది. రాగం ఎంపిక కూడా ఇక్కడే ముఖ్యం. శంకరాభరణం, మోహనం, హంసధ్వని, కీరవాణి స్వరమేళనానికి, అంటే వేర్వేరు స్వరాలు ఒకేసారి పలికించడానికి లొంగుతాయి. తోడి లాంటి రాగంలో గాంధారమే కదులుతూ ఉంటుంది, దాని కింద ఇంకో గొంతు నిలబెడితే రెండూ చెడతాయి. అలాంటివి ఏక గళంగానే పాడితే అందం.

వాద్యం లేకుండా పాడినప్పుడు శ్రుతి దిగడం మామూలే. పాట అయిపోగానే తంబురా ఆప్ మోగించి ఎంత దిగారో చూడండి. అవరోహణలో (పై స్వరం నుంచి కిందికి దిగేటప్పుడు) అడుగులు పెద్దవి వేయడం, ఒకే స్వరం పదేపదే పాడేటప్పుడు కుంగడం, కుర్చీలో వంగి కూర్చోవడం దీనికి కారణాలు. ఎంత చెప్పినా ఒక పాట దిగుతూనే ఉంటే అర మెట్టు పెంచి పాడించి చూడండి. చాలాసార్లు అంతటితో కుదురుతుంది. పొడుగు పంక్తుల్లో అందరూ ఒకేచోట ఊపిరి తీస్తే పాట తెగుతుంది. పక్కవాళ్లు తీసినప్పుడు తీయకూడదు, పంక్తి చివర తీయకూడదు, మాట మధ్యలో ఆగితే మళ్లీ మెల్లగా కలవాలి.

ప్రపంచ బృందగాన దినం

అంతర్జాతీయ బృందగాన సమాఖ్య చొరవతో 1990 నుంచి ఏటా డిసెంబరు రెండో ఆదివారం జరుగుతున్న ఈ రోజును మనమూ 2024 డిసెంబరు 8న జరుపుకున్నాం. ఏ ఊరి బృందం ఆ ఊళ్లోనే పాడింది. ఆన్‌లైన్‌లో అందరం కలిసి పాడదామన్న సూచనను కార్యవర్గం ఒప్పుకోలేదు. శబ్దం 25–30 మిల్లీసెకన్లకు మించి ఆలస్యమైతే కలిసి పాడటం కుదరదు, మామూలు వీడియో కాల్‌లో ఆలస్యం దానికి ఎన్నో రెట్లు. ఆన్‌లైన్ సాధన నేర్పడానికి పనికొస్తుంది. నేర్పేవారి మైకు ఒక్కటే తెరిచి, మిగతావాళ్లు తమ మైకులు మూసుకుని పాడుకోవాలి.

వేదికల దగ్గర పాత గొడవే. మైక్‌సెట్ వాళ్లు చేతి మైకులు నాలుగు తెచ్చి ముందు వరసకు ఇస్తారు, హాలంతా ఆ నలుగురే వినపడతారు. ముప్పై మంది బృందానికి ఎత్తు స్టాండ్ల మీద రెండు కండెన్సర్ మైకులు చాలు. ముందు వరసకు మూడడుగుల దూరంలో, తలలకు పైన, వెనక వరస వైపు చూసేలా పెట్టించండి. రెండు మైకుల మధ్య దూరం, మైకుకూ గాయకులకూ మధ్య దూరానికి కనీసం మూడింతలు ఉండాలి. స్పీకర్లు మైకులకన్నా వెనక, గాయకుల వైపు ఉంటే కూత పెడతాయి. స్టాండు ఫ్యాను గాలి మైకు మీద పడకూడదు. ఇవన్నీ హాలు మాట్లాడిన రోజే కాగితం మీద రాసి ఇవ్వాలి, కచేరీ సాయంత్రం వాదించి లాభం లేదు. మెట్ల వేదికైతే వెనక కమ్మీ తప్పనిసరి. మోకాళ్లు బిగించి చాలాసేపు నిలబడినవాళ్లు కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంది. మోకాళ్లు కొంచెం సడలించి నిలబడమని, ఏదైనా తిని రమ్మని ముందే చెప్పండి.

హక్కులు

1957 నాటి కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52(1)(ఎల్) మన లాంటి సంఘాలకు ఒక వెసులుబాటు ఇస్తోంది. ఔత్సాహిక సంఘం టికెట్ లేకుండా ప్రేక్షకుల ముందు, లేదా మత సంస్థ సహాయార్థం పాడితే అది ఉల్లంఘన కాదు. కొన్ని బృందాలు దీన్ని సాగదీసి అర్థం చేసుకుంటున్నాయి. ఈ వెసులుబాటు పాడటానికే. పుస్తకం జిరాక్సులు తీసి పంచడానికి, యూట్యూబ్‌లో పెట్టడానికి వర్తించదు. టికెట్ పెట్టిన క్షణం లైసెన్సు గురించి ఆలోచించాల్సిందే. రచయిత పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు హక్కులుంటాయి. 1915లో పోయిన గురజాడ పాటలకు అడ్డు లేదు. 1980లో పోయిన దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలకు 2040 చివరి దాకా అనుమతి కావాలి. పాత పాటకు ఎవరైనా కొత్తగా కూర్చిన గొంతుల అమరికకు విడిగా హక్కు ఉంటుంది, కూర్చినవారి రాతపూర్వక అనుమతి దస్త్రంలో పెట్టుకోండి.

లెక్కలు, కాగితాలు

రెండు తెలుగు రాష్ట్రాల్లో 2001 సొసైటీల నమోదు చట్టం కింద నమోదైన బృందాలు సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లో కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. ఇది మర్చిపోతే దెబ్బ బ్యాంకులో తగులుతుంది. కోశాధికారి మారినప్పుడు తీర్మానం నకలు, కొత్త జాబితా, కేవైసీ మూడూ కలిపి ఇస్తేనే సంతకాలు మారతాయి. పాత కోశాధికారి ఊళ్లో ఉండగానే ఆ పని ముగించండి. 80జీ (దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే నమోదు) ఉన్న బృందాలు విరాళాల వివరం మే 31లోగా దాఖలు చేయాలి, లేకపోతే దాతకు సర్టిఫికెట్ రాదు. చెక్కు మీద రెండు సంతకాలు, ప్రతి ఖర్చుకూ ఓచరు ఎంత చిన్న బృందమైనా తప్పవు. లెక్క అడిగినవారిని శత్రువుగా చూసే అలవాటు ఒకటి రెండు చోట్ల ఇంకా ఉంది, అది పోవాలి.

పిల్లల బృందాల సాధనలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి. పిల్లలకు నేరుగా మెసేజీలు పెట్టకూడదు, తల్లిదండ్రుల గ్రూపులోనే పెట్టాలి.

వచ్చే ఏడాదికి ఖాళీలు

కేంద్ర కార్యవర్గంలో ప్రతుల బాధ్యతకు ఇద్దరు, ఉప కోశాధికారి ఒకరు, మైకు–వేదిక ఏర్పాట్లు చూసేవారు ఒకరు కావాలి. ప్రతుల పనికి వారానికి రెండు గంటలు, కచేరీ నెలలో వారానికి నాలుగు గంటలు పడుతుంది. పాడటం రానవసరం లేదు. పేరు, ఊరు, ఏ పని చేయగలరో రాసి మీ జోన్ కన్వీనరుకు ఇవ్వండి. తప్పుకుంటున్నవారు ఫైళ్లు, పాస్‌వర్డులు, తాళాలు, హాళ్ల వాళ్ల ఫోన్ నంబర్లు ఒకే కవరులో పెట్టి, జాబితా మీద ఇద్దరి సంతకాలతో అప్పగించాలి.

కార్యవర్గం తరఫున,
ప్రధాన కార్యదర్శి