శివరాత్రి భంగుకు లైసెన్సు, ఏజెన్సీ కూలీకి జైలు

సంపాదకులకు,

శివరాత్రికి కాశీలో భంగు (గంజాయి మొక్క ఆకుతో చేసేది) తాగడం భక్తి కిందే లెక్క. ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో భంగు షాపులకు ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుంది. అదే మొక్క పూతతో దొరికితే మాత్రం జైలు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం విడిగా ఉన్న ఆకును, గింజను వదిలేసి, పూత, కాయలున్న కొసలనే గంజాయి అంది. మాదకద్రవ్యాలపై 1961లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందంలోనూ ఇదే తేడా ఉంది.

1893లో గంజాయి, భంగు వాడకంపై బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిషన్ వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించింది. పూర్తి నిషేధం వద్దని, లైసెన్సులు, పన్నులతో అదుపు చేయమని చెప్పింది. ఎక్సైజ్ ఆదాయం మీద ఆశ కూడా అందులో ఉందనుకోండి. అయినా సాధువుల అలవాటును, జనం నమ్మకాన్ని వాళ్లు అడిగి తెలుసుకున్నారు. 1985లో అంత విచారణ ఎక్కడ జరిగింది?

నా బాధంతా మన అల్లూరి జిల్లా ఏజెన్సీ గురించి. కూలి డబ్బుల కోసం గంజాయి మూట మోసిన గిరిజన కుర్రాడి దగ్గర 20 కిలోలకు మించి దొరికితే కనీసం పదేళ్ల జైలు, లక్ష జరిమానా. బెయిలు రావడమే గగనం. పెట్టుబడి పెట్టిన వ్యాపారి ఎక్కడో మైదానంలో హాయిగా ఉంటాడు.

గంజాయిని విచ్చలవిడిగా అమ్మనివ్వమని నేను అనడం లేదు. మత్తుకు బానిసలైన పిల్లల తల్లిదండ్రుల టెన్షన్ నాకు తెలుసు. మూట మోసినవాడికీ, మోయించినవాడికీ శిక్షలో తేడా పెట్టాలి. 2020 డిసెంబరులో గంజాయిని అత్యంత ప్రమాదకర జాబితా నుంచి తీసేయడానికి ఐక్యరాజ్యసమితిలో మన దేశమే ఓటేసింది. ఆ చొరవ పార్లమెంటులో కూడా చూపించి, ముందు ఆ కూలీల బెయిలు నిబంధనను సడలించాలి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నర్సీపట్నం