డీజే కట్టేశాక ఏసీ ఆగింది

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? పోయిన వారం విజయవాడ వెళ్లినప్పటి సంగతి ఫోన్లో సగమే చెప్పాను. మిగతాది ఇదిగో.

ఏసీ బోగీలో కిటికీ పక్క సీటు. కాజీపేట దాటిన కాసేపటికి ఏసీ హోరు ఠక్కున ఆగింది, సగం లైట్లు పోయాయి. రైలు మాత్రం అదే ఊపుతో పోతూనే ఉంది. ఎదురు సీట్లో పెద్దాయన "రైల్లో కూడా కరెంటు కోతేనా బాబూ!" అన్నారు. నవ్వాపుకునేలోపే కరెంటు వచ్చేసింది.

న్యూట్రల్ సెక్షన్ రా అది. పైతీగలో ఉండేది 25 వేల వోల్టులు కదా. ఒక సబ్‌స్టేషన్ ఒక ఫేజు తీసుకుంటే పక్కది ఇంకో ఫేజు. రెండూ కలిస్తే కొంప మునిగినట్టే, అందుకే నడుమ కొంచెం దూరం కరెంటు లేని ఉత్త తీగ. అక్కడికి రాకముందే లోకో పైలట్ ఇంజన్ బ్రేకర్, అంటే మెయిన్ స్విచ్ లాంటిది, కట్టేసి, దాటాక మళ్లీ వేస్తాడు. పట్టాల పక్కన "డీజే ఓపెన్", "డీజే క్లోజ్" అని బోర్డులుంటాయి. మా తమ్ముడేమో ఇన్నాళ్లూ వినాయక నిమజ్జనం డీజే అనుకున్నాడట! అది 'డిస్‌జాంక్టర్' అనే ఫ్రెంచి మాటకి పొట్టిపేరు. 1950ల్లో మనవాళ్లు ఈ 25 వేల వోల్టుల పద్ధతిని ఫ్రాన్స్ రైల్వే సాయంతోనే తెచ్చుకున్నారు. పద్ధతితో పాటు మాటా దిగింది.

మునుపు ఈ ఎల్‌హెచ్‌బీ (జర్మన్ డిజైన్ బోగీల) రైళ్లలో ఇది తెలిసేదే కాదు. చివర జనరేటర్ బోగీ డీజిల్ తాగుతూ, చెవులు చిల్లులు పడేలా మోగుతూ కరెంటిచ్చేది. ఇప్పుడు డబ్ల్యూఏపీ-7 ఇంజనే పైతీగ నుంచి తీసుకున్న దాన్నే 750 వోల్టులు చేసి బోగీలకు పంపుతుంది. అది కళ్లు మూస్తే మనకూ చీకటే.

6 వేల పైచిలుకు గుర్రాల బలం దానిది, కాదనను. కానీ నా మనసు పాత డబ్ల్యూఏపీ-4 మీదేరా. కాజీపేట ప్లాట్‌ఫాం మీద మనం టీ తాగుతుంటే, బయల్దేరే ముందు దాని బ్లోయర్లు, అంటే చల్లబరిచే ఫ్యాన్లు, గర్జించేవి, గుర్తుందా? తర్వాత మోటార్లకిచ్చే వోల్టేజి పెంచే ట్యాప్ ఛేంజర్ ఒక్కో మెట్టే ఎక్కేది, మొత్తం 32 మెట్లు. కొత్తది సన్నగా కూనిరాగం తీసి జారుకుంటుంది, అంతే.

సంక్రాంతికి వస్తున్నావుగా. రిజర్వేషన్ చేయించకు. జనరల్ టికెట్ కొనుక్కుని ప్లాట్‌ఫాం మీద కూర్చుందాం, ఏ ఇంజనొచ్చిందో చూశాకే ఎక్కుదాం. మీ ఆవిడకి మాత్రం ఇప్పుడే చెప్పకు.

నీ
రవి