మా చెల్లెలిని దక్కించిన వారికి కృతజ్ఞతలు

మా చెల్లెలు 31 ఏళ్ల వయసులో గుండెపోటుకు గురై, దాని నుంచి బయటపడి ఈ వారానికి ఆరు నెలలు నిండాయి. ఆ రాత్రి నుంచి మాకు అండగా నిలిచిన వారందరికీ మా కుటుంబం తరఫున మనఃపూర్వక కృతజ్ఞతలు తెలుపుకొంటున్నాను.

షుగరు, బీపీ ఏవీ లేని మనిషి కావడంతో, ఆ సాయంత్రం మొదట చూపించిన చోట గ్యాస్ నొప్పి అని మాత్రలిచ్చి పంపారు. అర్ధరాత్రి నొప్పి ఎడమ చేతికి పాకినప్పుడు ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసిన పక్కింటి బాబాయి గారికీ, తెనాలి నుంచి గుంటూరు వరకు ఆమె చెయ్యి పట్టుకుని ధైర్యం చెబుతూ వచ్చిన అంబులెన్సు సిబ్బందికీ మేము ఎంతో రుణపడి ఉన్నాం.

యాంజియోగ్రామ్‌లో రక్తనాళాల గోడలకు కొవ్వు పేరుకున్న ఆనవాళ్లేవీ కనిపించలేదు. నాళాన్ని మూసేసింది కేవలం రక్తపు గడ్డ. దాన్ని తొలగించి ప్రాణం నిలిపిన కార్డియాలజిస్టు మేడమ్ అంతటితో ఊరుకోలేదు. ఈ వయసులో గడ్డ ఎందుకు కట్టిందో తేలాలంటూ మా అమ్మ పక్కన కూర్చుని, అమ్మాయికి ఎప్పుడైనా గర్భం పోయిందా అని అడిగారు. నాలుగో నెలలో ఒకసారి, ఐదో నెలలో మరోసారి పోయిన సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనుకునేవారు కాదు. అమ్మ ఏడుస్తూనే చెప్పింది.

అదే సమయంలో ల్యాబ్ టెక్నీషియన్ గారు మరో విషయం గమనించారు. గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు వాడకముందు తీసిన రక్తంలోనే, గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే ఏపీటీటీ పరీక్షలో ఆ సమయం ఎక్కువగా వచ్చింది. అంటే పరీక్షనాళికలో రక్తం ఆలస్యంగా గడ్డకడుతోంది, గుండెలో మాత్రం గడ్డకట్టింది. పొరపాటేమోనని వదిలేయకుండా ఆయన ఆ ప్లాస్మాలో ఆరోగ్యవంతుల ప్లాస్మా కలిపి మళ్లీ చూశారు, అయినా ఆ సమయం సరికాలేదు. అంటే గడ్డకట్టించే పదార్థాల కొరత కాదు, ఆమె రక్తంలోనే ఏదో అడ్డుపడుతోందన్నమాట. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అన్న అనుమానం అక్కడే బలపడింది. రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే యాంటీబాడీలు పొరపాటున సొంత శరీరం మీదే పనిచేసే ఈ జబ్బును 1983లో లండన్‌లో గ్రాహం హ్యూస్ అనే వైద్యుడు వివరించారు. గర్భం నిలవనివ్వనివీ, రక్తాన్ని గడ్డకట్టించేవీ ఆ యాంటీబాడీలే కావచ్చునని మేడమ్ చెప్పినప్పుడు, ఇన్నేళ్లూ తన మీదే తప్పు మోపుకున్న మా చెల్లెలి ముఖం నేను మరచిపోలేను. 12 వారాల తర్వాత చేసిన పరీక్షల్లోనూ మూడు రకాల యాంటీబాడీలూ కనిపించడంతో జబ్బు నిర్ధారణ అయింది.

రక్తం గడ్డకట్టకుండా వాడే వాటిలో తరచూ రక్తపరీక్ష అక్కరలేని కొత్త మాత్రలు ఆమెకు ఎందుకు సరిపడవో, వార్ఫరిన్ అనే పాత మాత్రతో ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే అంకె) 2, 3 మధ్య ఎందుకు ఉంచాలో, ఆ మందు పనితీరును మార్చే గోంగూర, తోటకూర లాంటివి మానేయకుండా రోజూ ఒకే మోతాదులో ఎలా తినాలో, వార్ఫరిన్ వాడుతూ గర్భం దాల్చకూడదని, ఆ ఆలోచన ఉంటే ముందే తమతో మాట్లాడాలని రక్తవ్యాధుల వైద్యులైన హెమటాలజిస్టు గారు మా బావకు కాగితం మీద రాసి మరీ వివరించారు. ఆయన ఓపికకు వందనాలు. ఖర్చులకు తలా కొంత సర్దిన చెల్లెలి తోటి ఉపాధ్యాయులకు కూడా నమస్కారాలు.

గర్భస్రావాల సంగతి దాచుకున్న అక్కచెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి మీ వైద్యులకు చెప్పండి.

ఆ టెక్నీషియన్ గారిని మేము ఇంతవరకు కలుసుకోలేదు. వచ్చే సోమవారం ఐఎన్‌ఆర్ పరీక్షకు వెళ్లినప్పుడు, ల్యాబ్‌లోకి తానే స్వయంగా వెళ్లి ఆయనకు నమస్కరించి వస్తానని చెల్లెలు అంటోంది.