రేగుకొమ్మ లేని గోరింక

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ పిల్లల పేజీలో అచ్చయిన గోరింక బొమ్మ గురించి ఈ ఉత్తరం. దాని కింద ‘బ్రిటిష్ కాలపు పాత చిత్రం’ అని మాత్రమే వేశారు. అది పట్నాకు చెందిన షేక్ జైనుద్దీన్ వేసిన చిత్రం. అసలు ప్రతి ఇప్పుడు అమెరికాలోని మినియాపొలిస్ కళా ప్రదర్శనశాలలో ఉంది. అందులో నల్లని జుట్టుకుచ్చు గల బ్రాహ్మణీ గోరింక రేగుకొమ్మ మీద వాలి ఉంటుంది; ఆ కొమ్మ మీదే దసలి పట్టు జాతికి చెందిన రెక్కల పురుగులు రెండు, ఒక గొంగళిపురుగు, ఒక పట్టుకాయ కూడా కనిపిస్తాయి. మీరు కొమ్మను, పురుగులను కత్తిరించి, పక్షిని ఒక్కదాన్నే తెల్లకాగితం మీద నిలబెట్టారు.

స్థలం చాలక అలా చేసి ఉంటారని ఊహించగలను. కానీ ఆ కొమ్మ అలంకారం కోసం వేసింది కాదు. మా చెన్నూరు వైపు అడవిలో నల్లమద్ది చెట్ల మీద దసలి పురుగులను పెంచే రైతులు, పురుగు ఆకు మేసినన్నాళ్లూ పక్షులను తోలుతూ చెట్ల కిందే కాపలా ఉంటారు. చెట్టు, ఆకు తినే పురుగు, పురుగును తినే పిట్ట ఒకే కొమ్మ మీద ఉన్న ఆ చిత్రాన్ని మా ఊరి పిల్లవాడికి చూపిస్తే, ఎవరూ వివరించకుండానే అందులో ఏం జరగబోతోందో చెబుతాడు. మీరు అచ్చువేసిన బొమ్మలో వాడు చెప్పడానికి ఏమీ లేదు.

ఇక పేరు సంగతి. కలకత్తా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపే భార్య మేరీ ఇంపే, తన తోటలో పెంచుకున్న జీవాలను 1777–82 మధ్య జైనుద్దీన్, భవానీదాస్, రాందాస్ అనే ముగ్గురు పట్నా చిత్రకారుల చేత మూడు వందలకు పైగా చిత్రాలుగా వేయించింది. వేసిన వారి పేర్లను ఆ చిత్రాల మీదే రాయించింది కూడా. (హిమాలయాల్లోని మోనాల్ పక్షికి ఆంగ్లంలో ఆమె పేరే పెట్టారు, చిత్రకారుల పేరు ఏ పిట్టకూ పెట్టినట్టు నేను వినలేదు.) సొంత సరదా కోసం బొమ్మలు వేయించుకున్న ఒక దొరసాని దాదాపు రెండున్నర శతాబ్దాల క్రితం పాటించిన మర్యాదను, పిల్లలకు చదువు చెప్పే పేజీ పాటించకపోవడం నాకు బాధ కలిగించింది.

వచ్చే ఆదివారం ఆ చిత్రాన్ని, చిన్న పరిమాణంలోనైనా సరే, కొమ్మతో సహా, జైనుద్దీన్ పేరుతో మళ్లీ అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. చోటు సరిపోకపోతే ఈ ఉత్తరాన్ని తీసేసినా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చెన్నూరు, మంచిర్యాల జిల్లా