కొత్త ర్యామ్ కొనే ముందు పాత ర్యామ్ ఎంత స్పీడ్‌లో నడుస్తోందో చూద్దాం: మా కస్టమర్లకు ఒక మాట

నమస్కారం. ఈ నెల నుంచి విజయనగరంలోని మా షాపులో గేమింగ్ పీసీలకు ర్యామ్ అమ్మే పద్ధతి మారుస్తున్నాం. మీ ప్రాసెసర్, మదర్‌బోర్డు మోడల్ తెలియకుండా ఇకమీదట ర్యామ్ కిట్ (డబ్బాలో వచ్చే ర్యామ్ స్టిక్‌ల సెట్) బిల్లు చెయ్యం. క్యాబినెట్ తెస్తే మంచిది. సాలూరు, పార్వతీపురం, రాజాం నుంచి బస్సులో మోసుకు రావడం కష్టమనుకుంటే కింద చెప్పిన రెండు ఫోటోలు వాట్సాప్‌లో పంపండి, చాలు.

కారణం సూటిగా చెప్తాం. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. ప్రపంచంలో తయారయ్యే డీర్యామ్‌లో, అంటే ర్యామ్‌లో వాడే మెమరీ చిప్పుల్లో, సింహభాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ చేతుల్లోనే ఉంది. ఆ మూడూ ఏఐ డేటా సెంటర్లకు కావలసిన మెమరీ వైపు మొగ్గాయి. మామూలు పీసీ ర్యామ్‌కి కొరత వచ్చింది. ర్యామ్ చవకగా ఉన్న రోజుల్లో తప్పు కిట్ కొన్నా సర్దుకుపోయేవాళ్లు. ఇప్పుడు అదే తప్పు చేస్తే, కాస్త మెరుగైన గ్రాఫిక్స్ కార్డుకి పనికొచ్చే డబ్బు పోతుంది.

ఇంకో విషయం కూడా దాచకుండా చెప్పాలి. మేం బిగించి ఇచ్చిన పాత పీసీల్లో కొన్నిటిలో ర్యామ్ తన అసలు స్పీడ్‌లో నడవకపోవచ్చు. డబ్బా మీద స్పీడ్ 3200 అని ఉన్న స్టిక్ బోర్డులో పెట్టగానే 3200లో నడవాలని లేదు. చాలా కిట్లు మొదట 2133, 2400 లేదా 2666 దగ్గరే ఆన్ అవుతాయి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే, బోర్డు సెట్టింగ్స్ ఉండే ప్రోగ్రామ్) ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ (డబ్బా మీది స్పీడ్‌కి తయారీదారు ముందే పెట్టిన సెట్టింగ్) ఆన్ చేస్తేనే మిగతా స్పీడ్ వస్తుంది. ఆన్ చేసి ఇచ్చినా, బయోస్ అప్‌డేట్ చేసినప్పుడో, బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినప్పుడో అది మళ్లీ మొదటికొస్తుంది. మా దగ్గర కొన్న ఏ పీసీకైనా ఈ చెకింగ్, సెట్టింగ్ ఉచితం. బిల్లు పోయినా ఫర్వాలేదు.

ఇంట్లో మీరే చూసుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ నొక్కండి. స్పీడ్ ఎంత, ఎన్ని స్లాట్లు వాడుతున్నారు అన్నవి కుడివైపు కింద ఉంటాయి. మాకు కావలసిన మొదటి ఫోటో ఇదే. రెండోది సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మెయిన్‌బోర్డ్ ట్యాబ్. ప్రాసెసర్ పేరు మెసేజ్‌లో రాయండి. సీపీయూ-జెడ్ మెమరీ ట్యాబ్‌లో 1600 కనిపిస్తే మోసపోయామని కంగారు పడొద్దు. అది గడియారం వేగం. డీడీఆర్ అంటేనే ఒక్కో టిక్కుకి రెండుసార్లు డేటా పంపడం, కాబట్టి 1600 అంటే 3200 అన్నమాటే.

ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్యడానికి పీసీ ఆన్ అవుతుండగా డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉండండి, బయోస్ తెరుచుకుంటుంది. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు ఎక్స్‌ఎంపీ. ఏఎండీ బోర్డుల్లో ఆసస్ డీవోసీపీ అని, ఎంఎస్ఐ ఏ-ఎక్స్‌ఎంపీ అని పెట్టాయి. రైజెన్ 7000తో మొదలైన డీడీఆర్5 (డీడీఆర్4 తర్వాతి తరం ర్యామ్) బోర్డుల్లో ఎక్స్‌పో అని ఉంటుంది. ప్రొఫైల్ ఎంచుకుని ఎఫ్10 నొక్కి సేవ్ చెయ్యండి. చాలా డీడీఆర్4 కిట్లలో వోల్టేజి 1.2 నుంచి 1.35కి మారుతుంది. అది ఆ కిట్ తయారీదారు పెట్టిన విలువే, భయం లేదు. అయితే ప్రాసెసర్‌కి రాసిచ్చిన అధికారిక స్పీడ్ దాటితే ఇంటెల్, ఏఎండీ రెండూ దాన్ని ఓవర్‌క్లాకింగ్‌గానే లెక్కిస్తాయని తెలిసి ఉండండి. ఐ5-12400కి, రైజెన్ 5 5600కి డీడీఆర్4లో ఆ అధికారిక హద్దు 3200.

సేవ్ చేశాక స్క్రీన్ రాకపోతే వెంటనే స్విచ్ కట్టెయ్యకండి. బోర్డు రెండు మూడుసార్లు తనే ప్రయత్నించి, కుదరకపోతే పాత స్పీడ్‌కి వస్తుంది. డీడీఆర్5లో మొదటిసారి మెమరీ ట్రైనింగ్ అని (బోర్డు ఆ ర్యామ్‌తో పొంతన కుదుర్చుకోవడం) జరుగుతుంది, నల్ల స్క్రీన్‌తో కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఆ మధ్యలో కరెంటు తీసేస్తే ట్రైనింగ్ మళ్లీ మొదటి నుంచే. ఎంతకీ రాకపోతే ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, సీఆర్2032 బిళ్ల బ్యాటరీని ఐదు నిమిషాలు బయట పెట్టి మళ్లీ బిగించండి.

ఇక అందరూ అడిగే ప్రశ్న: “స్పీడ్ పెంచితే ఎఫ్‌పీఎస్ ఎంత పెరుగుతాదండి?” ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకి స్క్రీన్ మీద వచ్చే ఫ్రేములు. ఒకే అంకెలో జవాబు చెప్పేవాళ్లని నమ్మకండి. ముందు మీ పీసీలో ఆగిపోతున్నది ఎక్కడో కనుక్కోవాలి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ వేసుకుని, గేమ్ ఆడుతుండగా గ్రాఫిక్స్ కార్డు వాడకం స్క్రీన్ మీద చూడండి. అది 97, 98 శాతం దగ్గరే ఉంటే కార్డు తన శక్తంతా పెట్టేస్తోంది. అక్కడ ఎంత వేగం ర్యామ్ వేసినా ఫ్రేములు దాదాపు కదలవు. సైబర్‌పంక్ లాంటి గేమ్‌ని హై సెట్టింగ్స్‌లో ఆడేవాళ్లది ఎక్కువగా ఈ పరిస్థితే. అదే వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 లాంటివి 1080పీలో తక్కువ సెట్టింగ్స్‌తో, 144 హెర్ట్జ్ మానిటర్ మీద ఆడుతూ, ఫ్రేములకి ఏ పరిమితీ పెట్టకపోయినా కార్డు వాడకం 60, 70 దాటడం లేదంటే, ప్రాసెసర్ డేటా కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. ర్యామ్ స్పీడ్ పనికొచ్చేది అక్కడ. సగటు ఎఫ్‌పీఎస్ కంటే “1% లో” అనే అంకెలో (అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన 1 శాతం ఫ్రేముల వేగం) తేడా ముందు తెలుస్తుంది. ఎదురుగా నలుగురు వచ్చి పడినప్పుడు వచ్చే జెర్కులు తగ్గుతాయి.

కానీ స్పీడ్ మూడో విషయం. మొదటిది ఎన్ని జీబీ అన్నది. 8 జీబీ నిండిపోయాక విండోస్ మిగతాది ఎస్ఎస్‌డీ మీదకి తోసేస్తుంది. అప్పుడు వచ్చే ఆగుడుకి 3600 ర్యామ్ మందు కాదు, 16 జీబీయే మందు. బ్లూస్టాక్స్‌లో మొబైల్ గేమ్‌లు ఆడుతూ పక్కన క్రోమ్, డిస్కార్డ్ తెరిచి పెట్టుకునేవాళ్లకి మరీ. రెండోది జంట స్టిక్‌లు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

3200 స్టిక్ సెకనుకి 320 కోట్లసార్లు డేటా పంపుతుంది, ఒక్కోసారికి 8 బైట్లు. అంటే సెకనుకి 25.6 జీబీ. రెండు స్టిక్‌లు సరైన స్లాట్లలో ఉంటే దారులు రెండవుతాయి కాబట్టి 51.2. ఒక్క 3200 స్టిక్ తీసేసి ఒక్క 3600 స్టిక్ వేస్తే 25.6 కాస్తా 28.8 అవుతుంది, అంతే. పాత స్టిక్‌కి అలాంటిదే ఇంకోటి జత చేస్తే రెట్టింపు. ఒక్క 16 జీబీ స్టిక్‌తో నడుస్తున్న పీసీలు మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. తర్వాత ఇంకోటి వేద్దాంలే అని మొదలుపెట్టి అలాగే ఉండిపోయినవి. గ్రాఫిక్స్ కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ మీద ఆడేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. దాని లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ఈ ర్యామ్‌నే పంచుకోవాలి. అలాంటి పీసీ ఒక్క స్టిక్‌తో వస్తే, ఏ పార్టూ అమ్మే ముందు రెండో స్టిక్ గురించే చెప్తాం.

నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్‌లు పెట్టాల్సింది ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండు, నాలుగు స్లాట్లలో. బోర్డు మీద ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. పక్కపక్కన పెడితే చాలా బోర్డుల్లో రెండూ ఒకే దారిలో పడి మళ్లీ సింగిల్ ఛానలే.

పాత స్టిక్‌కి వేరే కంపెనీది జత చేయొచ్చా అంటే, చేయొచ్చు, గ్యారంటీ లేదు. రెండిట్లో నెమ్మదైన దాని స్పీడ్‌కే రెండూ వస్తాయి. 2666 పక్కన 3200 పెట్టి 3200 ఆశించొద్దు. 8 జీబీ పక్కన 4 జీబీ పెడితే ఇంటెల్‌లో 4, 4 వరకు జంటగా, మిగతా 4 ఒంటరిగా నడుస్తుంది. మీ పాత స్టిక్ తెస్తే, దానితో కలిపి టెస్ట్ చేశాకే రెండోది ఇస్తాం.

డబ్బా మీద పెద్ద అంకెతో పాటు సీఎల్ అని చిన్న అంకె ఉంటుంది. దాన్ని 2000తో గుణించి స్పీడ్‌తో భాగిస్తే, అడిగిన డేటా రావడం మొదలవడానికి ఎన్ని నానోసెకన్లో తెలుస్తుంది. 3200 సీఎల్16కి 10. 3600 సీఎల్18కీ 10. 3200 సీఎల్22కి 13.75. గేమ్‌లు చిన్న చిన్న ముక్కలు మాటిమాటికీ అడుగుతాయి కాబట్టి ఈ అంకె వాటికి బాగా పట్టింపు. 3200 అని అడిగితే మార్కెట్లో చవగ్గా దొరికేవి చాలావరకు సీఎల్22వే. ఇకమీదట మా బిల్లు మీద జీబీ, స్పీడ్‌తో పాటు సీఎల్ కూడా రాస్తాం.

బోర్డు హద్దు తెలియకపోతే ఈ లెక్కలన్నీ వృథా. హెచ్410 బోర్డులో ఐ5-10400 ఉంటే 2666 దాటదు. 3600 కిట్ కొన్నా 2666లోనే నడుస్తుంది. హెచ్610 డీడీఆర్4 బోర్డులు 3200 దగ్గర ఆగిపోతాయి. బీ660లో పైకి వెళ్లొచ్చు గానీ 12400 లాంటి ప్రాసెసర్లలో మెమరీ కంట్రోలర్‌కి (ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే భాగం) ఇచ్చే వోల్టేజి పెంచడానికి వీల్లేదు. అందుకని 3600 కొన్నిట్లో గేర్ 1లో, అంటే కంట్రోలర్, ర్యామ్ ఒకే వేగంతో నడిచే పద్ధతిలో, నిలవదు. గేర్ 2కి మారితే కంట్రోలర్ సగం వేగంతో నడుస్తుంది, ఆలస్యం పెరుగుతుంది. పెద్ద అంకె పెట్టి తక్కువ ఫలితం తెచ్చుకోవడం అంటే ఇదే. ఈ ప్రాసెసర్లకి మా మాట 3200 సీఎల్16, రెండు 8 జీబీలు. వీలైతే రెండు 16లు.

రైజెన్ 3000, 5000 వాళ్లకి 3600 దాకా వెళ్లడంలో అర్థం ఉంది. లోపల ప్రాసెసర్ భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ 1800 దగ్గర, ర్యామ్ గడియారం 1800 దగ్గర సమానంగా నడుస్తాయి. 4000 కిట్ వేస్తే చాలా ప్రాసెసర్లలో ఆ జోడీ తెగిపోయి ఆలస్యం పెరుగుతుంది. 5600కి లోపల 32 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ సొంత చిన్న, వేగమైన మెమరీ) ఉంది, 5600జీకి 16 ఎంబీయే. అందుకే ర్యామ్ తేడా 5600జీలో ఎక్కువ కనిపిస్తుంది. 5800ఎక్స్‌3డీకి 96 ఎంబీ ఉంది కాబట్టి దాంట్లో తక్కువ. ఇప్పటికే 3200 సీఎల్16 జంట ఉన్నవాళ్లు 3600 కోసం మాత్రం కిట్ మార్చకండి. మీరు అడిగినా ముందు వద్దనే చెప్తాం.

డీడీఆర్5లో రైజెన్ 7000, 9000కి 6000 సీఎల్30 జంట సరిపోతుంది. దాని ఆలస్యం కూడా 10 నానోసెకన్లే. 6400 దాటాక చాలావాటిలో కంట్రోలర్ సగం వేగానికి పడిపోతుంది. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు నాలుగు స్టిక్‌లు. రైజెన్ 7000కి రెండు స్టిక్‌లతో అధికారిక స్పీడ్ 5200 అయితే, నాలుగింటితో 3600. ఇప్పుడు రెండు, తర్వాత ఇంకో రెండు అనే పాత ఆలోచన డీడీఆర్5లో దెబ్బతీస్తుంది. 32 జీబీ కావాలంటే మొదటే రెండు 16లు తీసుకోండి. 8 జీబీ డీడీఆర్5 స్టిక్‌లలో సాధారణంగా నాలుగే చిప్పులుంటాయి, అదే స్పీడ్‌లో కూడా 16 జీబీ స్టిక్ కంటే వెనకబడతాయి.

ల్యాప్‌టాప్‌ల విషయం చిన్నది. చాలావాటి బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఉండదు. ఖాళీ స్లాట్ ఉంటే ఉన్నదానికి సమానమైన స్టిక్ వెయ్యడమే మంచి అప్‌గ్రేడ్. బోర్డుకే అతికించిన ర్యామ్ అయితే మేమూ చేసేదేమీ లేదు.

స్పీడ్ పెంచాక టెస్ట్ తప్పనిసరి. మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ టెస్ట్ ప్రోగ్రామ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి నాలుగు పాస్‌లు నడపాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా పాస్ కాదు. సగం నిలకడగా ఉండే ర్యామ్ గేమ్‌ని డెస్క్‌టాప్‌కి పడేస్తుంది, జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు సీఆర్‌సీ ఎర్రర్ (ఫైల్ పాడైందన్న సందేశం) ఇస్తుంది, మెమరీ మేనేజ్‌మెంట్ అని నీలం స్క్రీన్ చూపిస్తుంది. అన్నిటికంటే ప్రమాదం, పాడైన డేటాని డిస్క్ మీద చప్పుడు లేకుండా రాసేస్తుంది. చలికాలంలో పాసైన సెట్టింగ్ మే నెల ఎండల్లో తప్పొచ్చు. అందుకే ఓపెన్ టేబుల్ మీద కాకుండా, క్యాబినెట్ మూసి, అరగంట గేమ్ నడిచి వేడెక్కాకే టెస్ట్ చేస్తాం. దీనికి పీసీ ఒక రాత్రి మా దగ్గర ఉండాలి. అదే రోజు ఇమ్మంటే ఇవ్వలేం.

భోగాపురం, కళింగపట్నం వైపు సముద్రానికి దగ్గరున్న ఇళ్ల నుంచి వచ్చే పీసీలకి ఒక జాగ్రత్త. ఉప్పుగాలికి స్టిక్ కింది బంగారు రంగు పళ్లు మసకబారి, ఒక స్టిక్ పీసీకి కనిపించకుండా పోతుంది. కొత్తది కొనే ముందు ప్లగ్ పీకి, స్టిక్ తీసి, తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక పెట్టి చూడండి. స్లాట్ గొళ్లెం టక్కుమని పడేదాకా నొక్కాలి.

మేం చెప్పిన స్పీడ్ మీ బోర్డులో రాకపోతే ఏడు రోజుల్లోపు కిట్ వెనక్కి తీసుకుంటాం, 18 శాతం జీఎస్టీతో సహా కట్టినదంతా ఇచ్చేస్తాం. బోర్డు మోడల్ చెప్పకుండా మీరే ఎంచుకున్న కిట్‌కి ఈ మాట వర్తించదు. కొటేషన్ ఆ ఒక్క రోజుకే, ఎందుకంటే విశాఖ నుంచి మాకొచ్చే రేటు తరచూ మారుతోంది. మార్చేశాక మిగిలిన పాత డీడీఆర్4 స్టిక్‌లు ఇంట్లో పడేయకండి. మెమ్‌టెస్ట్ పాసైతే ఆ రోజు రేటుకి మేమే కొంటాం, జంట కోసం వెతికేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు.