కలెక్టర్ గారూ, హాస్టల్ పిల్లలకు ట్యూబు పేస్టు బదులు పళ్ళు తోముకునే బిళ్ళలు ఇప్పించండి

రాయగడ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

గునుపూర్‌కి దగ్గర్లో ఒక ఊళ్ళో ఇరవై రెండేళ్ళుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఇంట్లో తెలుగు, కొట్లో సగం ఒడియా, సంత రోజున ఆదివాసీల సవర భాషలో నాలుగు మాటలు కూడా మాట్లాడాలి. మనసులో ఉన్నది ఉన్నట్టు రాయడం నాకు తెలుగులోనే వచ్చు, అందుకే ఇలా రాస్తున్నాను. మా అబ్బాయి దీన్ని ఒడియాలోకి మార్చి మీ ఆఫీసులో ఇస్తాడు. ఒడిశా, ఆంధ్రా సరిహద్దుకి ఇటూ అటూ ఉన్న మనవాళ్ళు కూడా చదవాలని ఇక్కడ పెడుతున్నాను.

విషయం పళ్ళు తోముకునే పేస్టు. మా కొట్టు ఎదురుగా సందు దాటితే ఒక ఆదివాసీ పిల్లల హాస్టల్ ఉంది. అందులో నూట ఇరవై మంది దాకా ఉంటారు. సబ్బు, నూనె, పేస్టు కొందరికి ఇంటి నుంచి వస్తాయి, మిగిలినవాళ్ళు మా దగ్గరే కొంటారు. కొనేది పది రూపాయల పేస్టు, ఎందుకంటే పిల్లవాడి చేతిలో ఉండేది ఆ పదే. ఆ చిన్న ట్యూబు ఒక్కడికి పన్నెండు, పదమూడు రోజులు వస్తుంది, పక్క మంచం వాడికి కూడా కాస్త పిండితే వారం. అంటే ఆ ఒక్క హాస్టల్ నుంచే ఏడాదికి ఎన్ని వందల ట్యూబులు బయటికి వస్తున్నాయో మీరే లెక్క వేయండి. అమ్మేదాన్ని నేనే కాబట్టి ఈ మాట చెప్పే బాధ్యత కూడా నాదే అనిపించింది.

ఆ ట్యూబులు ఎక్కడికి పోతాయో నేను రోజూ చూస్తాను. స్నానాల గదుల వెనక గోడ అవతల పడతాయి. వారానికోసారి వచ్చే తుక్కు సామాన్ల అతను అట్టపెట్టెలు కొంటాడు, నూనె డబ్బాలు కొంటాడు, నీళ్ళ సీసాలు కొంటాడు. పేస్టు ట్యూబు మాత్రం చేత్తో కూడా ముట్టుకోడు. ఒకసారి ఎందుకని అడిగితే ఒక ట్యూబుని బ్లేడుతో కోసి విప్పి చూపించాడు. పైన ప్లాస్టిక్, మధ్యలో వెండిలా మెరిసే పల్చటి అల్యూమినియం రేకు, లోపల మళ్ళీ ప్లాస్టిక్, అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. "వీటిని ఎవరు విడదీస్తారమ్మా" అన్నాడు. మా చిన్నప్పుడు పేస్టు ట్యూబు అచ్చంగా సత్తుది ఉండేది, అయిపోయాక చదును చేసి దాచేవాళ్ళం, పాత సామాన్లవాడు తూకానికి తీసుకునేవాడు. ఇప్పుడు కొన్ని కంపెనీలు ఒకే రకం ప్లాస్టిక్‌తో, మళ్ళీ కరిగించి వాడుకునేలా ట్యూబులు చేస్తున్నాయి, మంచిదే. కానీ మా ఊరి నుంచి వాటిని ఏరి తీసుకెళ్ళే మనిషి లేనప్పుడు అది ఏ రకమైనా గోడ అవతలికే పోతుంది.

వాన పడితే ఆ ట్యూబులు అక్కడి నుంచి గెడ్డలోకి, అంటే వాగులోకి, గెడ్డ నుంచి వంశధారలోకి. వంశధార గునుపూర్ పక్క నుంచి దిగి హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాటి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మా అక్క ఇల్లు హిరమండలం అవతల, కాలువ కింద పొలం. ఏటా మొదటి నీళ్ళు వదలగానే మడిలోకి ఏమేం కొట్టుకొస్తాయో అది చెబుతుంటే, అందులో మా కొట్టు సరుకు కూడా ఉండే ఉంటుందని నాకు తల వంచుకోవాలనిపిస్తుంది. ఎండాకాలంలో ఇంకో బాధ. గోడ అవతల చెత్తకి నిప్పు పెడతారు. ఆ పొగ నేరుగా పిల్లలు పడుకునే గదుల్లోకి వెళ్తుంది.

చట్టాలు లేవని కాదు. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో వాడి పారేసిన ప్యాకింగుని వెనక్కి తీసుకునే బాధ్యత కంపెనీలదే అని ఉంది, 2022 ఫిబ్రవరిలో దానికి మార్గదర్శకాలు కూడా వచ్చాయి, ఇలా పొరలు పొరలుగా ఉండే ప్యాకింగుకి విడిగా ఒక వర్గమే పెట్టారు. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు నిషేధం అన్నారు, మేం ఆ రోజే ఆపేశాం. కంపెనీ బాధ్యత మాత్రం మా సందు దాకా ఇంకా రాలేదు. వచ్చేదాకా చూస్తూ కూర్చోవడం కంటే అసలు ట్యూబు అవసరమే లేని దారి ఒకటి ఉంది. నేను తొమ్మిది నెలలుగా వాడి చూసి రాస్తున్నాను.

అవి టూత్‌పేస్ట్ బిళ్ళలు. మా అబ్బాయి విశాఖపట్నం నుంచి తెచ్చాడు. చూడటానికి తెల్లగా, పిప్పరమెంటు కంటే కాస్త చిన్నగా ఉంటాయి. మొదటిరోజు మా ఆయన "ఏటే ఇవి, మందు బిళ్ళలా?" అని పక్కన పెట్టేశారు. నేను ఒకటి నోట్లో వేసుకుని ముందు పళ్ళతో కొరికాను. మొదట సుద్దముక్క కొరికినట్టే ఉంది. పది సెకన్లు నమిలేసరికి ఉమ్మితో కలిసి మెత్తబడింది, తడి బ్రష్ పెట్టి తోమితే పేస్టులాగే నురగ వచ్చింది. నోట్లో గరగర నాలుగు రోజులు కొత్తగా అనిపించి తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు మా ఇంట్లో నలుగురం అవే వాడుతున్నాం, మా ఆయన కూడా.

ఇందులో మాయ ఏమీ లేదు. పేస్టులో నీళ్ళు ఉంటాయి, నీళ్ళున్నాయి కాబట్టి చెడిపోకుండా మందు కలపాలి, గడ్డకట్టకుండా ఇంకోటి కలపాలి, కారకుండా ట్యూబు కావాలి. బిళ్ళలో నీళ్ళు లేవు. సుద్ద లాంటి కాల్షియం కార్బొనేట్, వంట సోడా, తీపికి జైలిటాలో సార్బిటాలో, నురగ రావడానికి ఇంకోటి కొంచెం, పుదీనా వాసన, మంచి రకమైతే పళ్ళు పుచ్చిపోకుండా కాపాడే ఫ్లోరైడ్. మన పెద్దవాళ్ళ పళ్ళపొడిని కొలత ప్రకారం అచ్చు కొట్టినట్టు అనుకోండి. అసలు పేస్టు ట్యూబులోనే పుట్టలేదు. పిండే ట్యూబుని 1841లో ఒక అమెరికా చిత్రకారుడు రంగులు దాచుకోవడానికి కనిపెట్టాడు. కోల్గేట్ వాళ్ళు 1873లో పేస్టుని సీసాల్లో అమ్మారు, ట్యూబులోకి మారింది 1896లో. మధ్యలో వచ్చిన ట్యూబు ఇక ఎప్పటికీ ఉండి తీరాలని ఏమీ లేదు కదా.

హాస్టల్‌కి ఇది ఎందుకు అంటున్నానో చెప్తాను. ఒక ఆదివారం ఉదయం నీళ్ళ ట్యాంకు దగ్గర చూశాను. ఒకే ట్యూబు, ఆరుగురు పిల్లలు. ఒకడు మూతి దగ్గర బ్రష్ ఆనించి పిండుకుంటాడు, ఆ తడి బ్రష్ ఆనిన మూతికే రెండోవాడు తన బ్రష్ ఆనిస్తాడు, మూడోవాడికి నోటి మూలల్లో పుండ్లు. చివర్లో ఉన్న చిన్నవాడికి ఏమీ రాలేదు. వాడు ట్యూబుని రాతి మీద పెట్టి మడమతో తొక్కాడు, మూతికి అంటుకున్నది వేలితో తీసి పళ్ళకి రాసుకున్నాడు. ఆ పిల్లవాడికి ఆరేళ్ళు ఉంటాయేమో. అదే బిళ్ళ అయితే మనిషికి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఎవరి లెక్క వాళ్ళది, పెద్దవాడు చిన్నవాడిది లాక్కోవడానికి ఏమీ ఉండదు, ఒకరి నోటిది ఇంకొకరికి తగలదు.

కొట్టు లెక్క కూడా వేశాను. నూట ఇరవై మందికి రోజుకి రెండు చొప్పున నెలకి 7,200 బిళ్ళలు. ఒక్కోటి మూడొందల మిల్లీగ్రాములు అనుకుంటే మొత్తం బరువు రెండు కిలోల పైచిలుకు, అంతే! ఒక హాస్టల్ నెల సరుకు ఒక్క బిగుతు మూత స్టీలు డబ్బాలో పట్టేస్తుంది. చంద్రపూర్, మునిగుడ కొండల మీద హాస్టళ్ళకి జీపులో సరుకు ఎక్కించేవాళ్ళకి ఇది ఎంత తేలికో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కష్టాలు కూడా దాచకుండా చెప్పాలి.

మొదటిది ధర. నేను కొన్న 60 బిళ్ళల డబ్బా రెండొందలు దాటింది, ఒక మనిషికి ఒక నెల. పది రూపాయల ట్యూబు కొనే పిల్లవాడు దీని దగ్గరికి కూడా రాలేడు. కానీ ఇరవై రెండేళ్ళు సరుకు కొని అమ్మినదాన్ని, చిల్లర ప్యాకింగులో ఎంత పోతుందో, కొరియర్‌కి ఎంత పోతుందో నాకు తెలుసు. జిల్లా మొత్తానికి కిలోల లెక్కన విడి సరుకుగా ధర అడగండి, ఏమంటారో చూద్దాం. తయారీకి లైసెన్సు కావాలి కాబట్టి మా మహిళా సంఘాలతో తయారు చేయించమని నేను అడగట్లేదు. లైసెన్సు ఉన్నవాళ్ళ దగ్గర కొనండి, హాస్టళ్ళకి చేర్చి లెక్క రాసే పని మిషన్ శక్తి మహిళా సంఘాలకి ఇవ్వండి. ఆ పని మాకు బాగా వచ్చు.

రెండోది తేమ. శ్రావణంలో నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక కంపెనీ బిళ్ళలు కాగితం సంచిలో వచ్చాయి. తడి చేత్తో రెండుసార్లు తీసేసరికి ఉబ్బి ముద్దయిపోయాయి, సగం పారేశాను, వాళ్ళు డబ్బులు కూడా తిరిగి ఇవ్వలేదు. కాబట్టి టెండరులో డబ్బా, మూత సంగతి రాయించండి. హాస్టల్లో పొడి చెంచాతో ఒక్కరే తీసి ఇవ్వాలి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఒకరోజు కొట్లో డబ్బా తెరిచి ఉంటే హాస్టల్ పిల్లవాడొకడు బిళ్ళ తీసి నమిలి మింగేశాడు. "మావుసీ (పిన్నీ), ఇంకొకటి ఇవ్వవా" అని చెయ్యి చాపాడు. వాడికి అది మిఠాయి! నాకు గుండె ఆగినంత పనైంది. వెయ్యి పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళు ఫ్లోరైడ్ ఉన్న మూడొందల మిల్లీగ్రాముల బిళ్ళలో ఫ్లోరైడ్ 0.3 మిల్లీగ్రాములే, ఒకటి మింగితే కంగారు లేదు. కానీ చిన్నపిల్లలు రోజూ మింగితే, ఆ తర్వాత కొత్తగా వచ్చే పళ్ళ మీద మచ్చలు పడతాయి. అందుకని డబ్బా పిల్లలకి అందకూడదు, చిన్న తరగతుల వాళ్ళకి సగం బిళ్ళ చాలు, అది కూడా పెద్దవాళ్ళ ఎదుట తోమి ఉమ్మేయాలి. ఆ మాట డబ్బా మీద ఒడియాలో, తెలుగులో, సవరలో బొమ్మలతో ఉండాలి. సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చెప్పాలని వందేళ్ళ కిందటే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు కష్టపడ్డారు, ఈ చిన్న కాగితానికైనా మనం ఆ పని చేయలేమా? కుక్కలున్న ఇళ్ళవాళ్ళకి ఒక మాట, జైలిటాల్ కుక్కలకి విషం, అందనివ్వకండి.

ఫ్లోరైడ్ లేని బిళ్ళలు కూడా "సహజం" అనే పేరుతో బాగా అమ్ముతున్నారు. దయచేసి అవి కొనకండి. ఫ్లోరైడ్ పేస్టుని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలోనే చేర్చింది. మన పిల్లలకి పిప్పి పన్ను వస్తే పీకించుకోవడం తప్ప ఇంకో వైద్యం అందే దారి లేదు. మన ఒడిశాలోనే నువాపడా లాంటి జిల్లాల్లో నేలనీటిలోనే ఫ్లోరైడ్ ఎక్కువ, కాబట్టి ముందు హాస్టల్ బోరు నీళ్ళు పరీక్ష చేయించి, ప్రభుత్వ పళ్ళ డాక్టరు గారితో ఒక మాట రాయించుకుని మొదలుపెట్టండి.

ఇంటి దగ్గర ఈ పిల్లల్లో చాలామంది చూసేది గుడాకు. పొగాకు, బెల్లం కలిపిన ఆ ముద్దతో తల్లి పళ్ళు తోముకుంటే పిల్ల కూడా అదే నేర్చుకుంటుంది. మా అత్తగారు నలభై ఏళ్ళు గుడాకు పెట్టారు, చివరి రెండేళ్ళు గంజి తప్ప ఏదీ నోట్లో పెట్టుకోలేకపోయారు. ఆవిడ పోయిన నెలలోనే కొట్లో దాన్ని అమ్మడం మానేశాను, ఇప్పటికీ రోజుకి పది మంది అడిగి వెళ్ళిపోతారు. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు వాడకూడదని కేంద్రం 1992లోనే నిషేధించింది. అయినా ఇది దొరుకుతూనే ఉంది. ఇంట్లో సాలచెట్టు పుల్లో, వేపపుల్లో నమిలేవాళ్ళ గురించి నాకు బెంగ లేదు, వాళ్ళని కదపక్కర్లేదు. గుడాకు ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలకి మాత్రం బ్రష్ పట్టుకోవడం మొదట నేర్పేది హాస్టలే. ఆ మొదటి అలవాటు ఏ వస్తువుతో పడాలో తేల్చే అధికారం ఈ జిల్లాలో మీ చేతిలో ఉంది.

జిల్లా మొత్తం ఒకేసారి మార్చమని అడగట్లేదు. వచ్చే జూన్‌లో బడి తెరిచినప్పుడు ఒక్క హాస్టల్‌లో, మూడు నెలలు. ఎన్ని బిళ్ళలు వచ్చాయి, ఎన్ని తడిసి పాడయ్యాయి, గోడ అవతల ఎన్ని ట్యూబులు తగ్గాయి, ఆ లెక్క నేను రాసి పెడతాను, నా కొట్లో పేస్టు అమ్మకం పడిపోయినా సరే. పిల్లలకి నమలడం చూపించడానికి మొదటి వారం రోజూ పొద్దున్నే ఆరింటికి నేనే హాస్టల్‌కి వస్తాను. వార్డెన్ గారికి మీ నుంచి ఒక్క కాగితం రావాలి.

ఇట్లు,
గునుపూర్ దగ్గర కిరాణా కొట్టు నడిపే ఒక ఇల్లాలు