పన్నెండు మైలేజీ అంటే ఏ పన్నెండు?

సంపాదకులకు నమస్కారం.

పికప్ బండి వెనుక కారవాన్ ట్రైలరు, అంటే చక్రాల మీద ఇల్లు లాంటిది, తగిలించుకొని విదేశాల్లో కుటుంబాలు ఊరూరా ఎలా తిరుగుతున్నాయో వివరిస్తూ మీ పత్రిక పర్యాటక పుటలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. వ్యాసం బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. అయితే ట్రైలరు లాగుతున్నా బండికి పన్నెండు మైలేజీ వస్తుందని అందులో ఉన్న ఒక్క వాక్యం మా విశాఖపట్నంలో ఒక కుర్రవాడిని అప్పులో దింపబోయింది కనుక ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది.

నేను రైల్వే డీజిల్ షెడ్డులో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మా మేనల్లుడికి గాజువాక ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్ షెడ్డు ఉంది. పొద్దుపోని వేళల్లో నేనూ అక్కడే కూర్చుంటాను. మధురవాడ నుంచి వచ్చిన ఆ యువకుడు మీ పత్రిక కత్తిరింపును నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకొని తెచ్చాడు. పాత పికప్ ఒకటి కొని, మా వాడి చేత ట్రైలరు కట్టించి, అరకు వెళ్లే కుటుంబాలకు అద్దెకు తిప్పాలని అతని ఆలోచన. లీటరుకు 12 కిలోమీటర్ల చొప్పున డీజిల్ ఖర్చు లెక్క కట్టి, ఆ లెక్క మీదే అద్దె, ఆ అద్దె మీదే బ్యాంకు వాయిదా నిర్ణయించుకున్నాడు.

వ్యాసంలోని పన్నెండు మాత్రం లీటరుకు కిలోమీటర్లు కావు. అది అమెరికా లెక్క. అమెరికాలో మైలేజీని గ్యాలనుకు ఇన్ని మైళ్లని చెబుతారు. అక్కడి గ్యాలను 3.785 లీటర్లు, మైలు 1.609 కిలోమీటర్లు. ఆ ప్రకారం వారి పన్నెండు మన లెక్కలో లీటరుకు 5.1 కిలోమీటర్లు మాత్రమే. పాత బ్రిటిష్ గ్యాలను 4.546 లీటర్లు కనుక దానితో లెక్కిస్తే ఇంకా తగ్గుతుంది. ఏ గ్యాలనో, ఏ మైలో రాయకుండా ఉత్త అంకె అచ్చువేస్తే, మన పాఠకుడు దాన్ని మన లీటరుకే అన్వయించుకుంటాడు. అందులో అతని తప్పేమీ లేదు.

మా అమ్మాయీ అల్లుడూ టెక్సాస్‌లో ఉంటారు. అక్కడికి వెళ్లినప్పుడు వారి పెట్రోలు పికప్‌లో, వెనుక ఏడు మీటర్ల ట్రైలరుతో, నేనూ ప్రయాణం చేశాను. ఒంటరిగా ఉన్నప్పుడు గ్యాలనుకు 20 మైళ్లు, అంటే లీటరుకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు నడిచే ఆ బండి, ట్రైలరు తగిలించగానే పదికి పడిపోయింది. సరిగ్గా సగం. మా అల్లుడికి ఇది వింతగా తోచలేదు. అక్కడ ట్రైలరు లాగేవారందరూ మైలేజీ సగమవుతుందనే ముందుగా అనుకుంటారట. విచిత్రమేమిటంటే, కొత్త బండి అద్దానికి అంటించే అక్కడి ప్రభుత్వ మైలేజీ చీటీలో ట్రైలరు ఊసే ఉండదు. మోయగల గరిష్ఠ బరువుతో కలిపి 3,856 కిలోలు దాటే పెద్ద పికప్‌లకైతే ఆ చీటీ అంటించాలన్న నిబంధనే లేదు. లాగే సామర్థ్యాన్ని నిర్ధారించడానికి అక్కడి వాహన ఇంజినీర్ల సంఘం (ఎస్‌ఏఈ) రూపొందించిన జె2807 అనే ప్రమాణం ప్రకారం అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గరి ఎత్తు రోడ్డు మీద, ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి మరీ పరీక్షిస్తారు. లాగగలదా లేదా అన్నది తేలుస్తారు గాని, లాగుతూ ఎంత తాగుతుందో చెప్పరు. మన దేశంలో కంపెనీలు ప్రకటించే మైలేజీ కూడా ప్రయోగశాలలో రోలర్ల మీద, గంటకు 90 కిలోమీటర్లకు మించని వేగంతో, వెనుక ఏమీ తగిలించకుండా కొలిచినదే.

అందుకని ఆ కుర్రవాడికి సలహా చెప్పే ముందు మేమే కొలుద్దామనుకున్నాం. మా మేనల్లుడి దగ్గర పాత డీజిల్ పికప్ ఒకటి, ఎవరో కట్టించుకొని తీసుకువెళ్లని ట్రైలరు ఒకటి ఉన్నాయి. కాటా మీద పెడితే ట్రైలరు 1,200 కిలోలు తూగింది. ఆనందపురం దగ్గర ఒక బంకులో ట్యాంకు నింపించి, శ్రీకాకుళం వైపు జాతీయ రహదారి మీద రణస్థలం దాటేదాకా వెళ్లి, వెనక్కి తిరిగి అదే బంకుకు వచ్చేసరికి సరిగ్గా 100 కిలోమీటర్లు అయ్యేలా చూసుకున్నాం. ప్రతిసారీ అదే పంపు, అదే నాజిల్. నాజిల్ మొదటిసారి టక్కున ఆగగానే చాలించాం, ఇంకొంచెం పట్టనివ్వమని బంకు కుర్రాడు ఎంత చెప్పినా వినలేదు. అదనంగా నొక్కి పోయించుకునే ఆ అరలీటరు దగ్గరే చాలామంది మైలేజీ లెక్కలు తప్పుతాయి.

ట్రైలరు లేకుండా 80 వేగంతో నడిపితే 8.3 లీటర్లు పట్టింది. అంటే లీటరుకు 12 కిలోమీటర్లు. అదీ కుర్రవాడి పన్నెండు! ట్రైలరుతో అదే 80 వేగంలో 15.2 లీటర్లు, అంటే లీటరుకు 6.6 కిలోమీటర్లు. వేగం 60కి తగ్గించి నడిపితే 11.8 లీటర్లు, అంటే ఎనిమిదిన్నర కిలోమీటర్లు. చివరగా ఒక అనుమానం తీర్చుకోవడానికి ట్రైలరులో నాలుగు సిమెంటు బస్తాలు, అంటే 200 కిలోలు అదనంగా వేసి, 60 వేగంతోనే మళ్లీ తిప్పాం. 12 లీటర్లు పట్టింది. రెండు క్వింటాళ్ల బరువు వంద కిలోమీటర్లకు తిన్నది లీటరులో అయిదో వంతు, నాజిల్ తేడాలో కలిసిపోయేంత స్వల్పం.

ఇది చూసి మా మేనల్లుడు బండిలో ఏదో లోపం ఉందన్నాడు. లోపం బండిలో లేదు, మైలేజీని బరువే తగ్గిస్తుందన్న మన నమ్మకంలో ఉంది. గాజువాకలో లారీ నడిపిన వారెవరినడిగినా చెబుతారు. ఉక్కు కర్మాగారం నుంచి ఇనుప చువ్వలు ఎత్తుకొని వెళ్లే లారీ ఎంత బరువున్నా, చదునైన రోడ్డు మీద ఒక ఊపు అందుకున్నాక నింపాదిగా సాగిపోతుంది. ఎండుగడ్డి గోపురంలా పేర్చుకున్న లారీ తూకానికి తేలికే గాని, ఎదురుగాలిలో దాన్ని లాగే డ్రైవరు కాలు యాక్సిలరేటర్ మీద నుంచి లేవదు. కారవాన్ ట్రైలరు ఆ గడ్డి లారీకి చుట్టం. మా షెడ్డులోని దాని ముందుభాగం రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తున బీరువా తలుపులా చదునుగా ఉంటుంది. పికప్ క్యాబిన్ దానిలో కింది సగాన్నే కాచుకుంటుంది, పై సగం నేరుగా గాలిని ఢీకొంటుంది. మన చేపల రేవులో తెరచాప విప్పిన పడవను చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. కాకపోతే ఈ తెరచాప బండిని వెనక్కి లాగుతుంది.

గాలి అడ్డు వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 60 వేగంలో గాలి 50 కిలోల బలంతో వెనక్కి నెడుతున్నదనుకుంటే, 80 వేగంలో అది దాదాపు 89 కిలోలవుతుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది స్పీడోమీటరు చూపే వేగం కాదు, గాలితో పోల్చినప్పటి వేగం. నైరుతి రుతుపవనాల రోజుల్లో మన తీరం వెంట శ్రీకాకుళం వెళ్లేటప్పుడు గాలి వీపున తోస్తుంది, తిరుగుదారిలో ముఖాన కొడుతుంది. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే మనం 60లో నడుపుతున్నా ట్రైలరుకు 80లో ఉన్నట్టే. వెళ్లేటప్పుడు మాత్రమే కొలిచి గొప్ప మైలేజీ వచ్చిందని చెప్పేవారి మాట అందుకే నమ్మలేం. రానూ పోనూ కలిపి కొలవాలి.

అయితే అరకు ఘాట్ సంగతేమిటని ఆ కుర్రవాడు అడిగాడు. అసలు భయమంతా ఘాట్ గురించే కదా. ఆ భయం ఎంతవరకు నిజమో కాగితం మీద వేసి చూపించాను. ఒక లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. వేడిగా, పొగగా పోయినది పోగా చక్రాలకు అందేది మూడో వంతు, అంటే 12 మెగాజౌళ్లు. 1,200 కిలోల ట్రైలరును అరకు ఎత్తుకు, అంటే సుమారు 900 మీటర్లు పైకి చేర్చడానికి కావలసింది పది మెగాజౌళ్ల పైచిలుకు. ఒక లీటరు కూడా పట్టదు. కింది గేర్లలో ఇంజిన్ మూలుగుతూ ఎక్కుతుంది కనుక నిజంగా మరికొంత పడుతుందనుకున్నా, ఘాట్ ఎక్కే ఖర్చు జాతీయ రహదారి మీద గాలికి అర్పించే ఖర్చుతో పోలిస్తే చిన్నదే.

నమ్మకం కలగడానికి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అరకు దాకా ట్రైలరుతో వెళ్లి వచ్చాం. రానూ పోనూ 232 కిలోమీటర్లకు 26.6 లీటర్లు, అంటే లీటరుకు 8.7 కిలోమీటర్లు. కొండ ఎక్కి దిగిన ప్రయాణంలో, చదునైన రహదారి మీద 80లో వచ్చిన దానికంటే మైలేజీ ఎక్కువ వచ్చింది! అనంతగిరి మలుపుల్లో 30 దాటి నడపలేం కనుక గాలి దెబ్బ దాదాపు ఉండదు, దిగేటప్పుడు డీజిల్ ఖర్చూ నామమాత్రమే. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీది కాలు తీసేస్తే నేటి డీజిల్ ఇంజిన్లలో ఇంజెక్టర్లు ఇంధనం చిమ్మడం ఆపేస్తాయి. న్యూట్రల్‌లో దిగితే ఆదా అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. న్యూట్రల్‌లో ఇంజిన్ తిరగడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది, బండీ ట్రైలరూ రెంటి భారమూ బ్రేకుల మీద పడి దారిలోని దముకు ఊరు చేరేసరికి లైనర్లు కాలిన వాసన కొడుతుంది. మైలేజీ విషయంలో బరువును తేలిగ్గా తీసుకోవచ్చునన్నాను గాని, బ్రేకుల విషయంలో ఆ మాట ఎంతమాత్రం అనను. ట్రైలరుకు విడిగా బ్రేకులు లేకుండా ఘాట్ దిగడం ప్రాణాలతో చెలగాటం.

అక్కరలేని బరువును కొండెక్కించడం దండగ కనుక, ట్రైలరులోని నీళ్ల ట్యాంకు మాత్రం విశాఖలో నింపుకోవద్దని ఆ కుర్రవాడికి చెప్పాను. అరకు మీదుగా వెళ్లే మన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గానికి ఒక అదృష్టముంది. ఇనుప ఖనిజంతో నిండిన వ్యాగన్లు రేవుకు దిగి వస్తాయి, ఖాళీవి కొండెక్కుతాయి. కారవాన్ వాళ్లు దాన్ని తలకిందులు చేసి, వంద లీటర్ల నీళ్లు కొండమీదికి మోసుకుపోయి, అక్కడ పారబోసి, ఖాళీగా దిగుతారు.

టైర్లలో గాలి తగ్గకుండా చూసుకోవడం, ఆటోమేటిక్ గేర్లున్న బండి పైగేరుకూ కిందిగేరుకూ మధ్య ఊగిసలాడుతుంటే ఒక గేరు తగ్గించి స్థిరంగా ఉంచడం వంటివి డ్రైవర్లకు తెలిసినవే. ట్రైలరు ముందుభాగాన్ని చదునుగా కాక గుండ్రంగానో, పడవ ముక్కులానో కట్టడం మాత్రం బాడీ బిల్డర్ల చేతిలో ఉన్న పని. మా మేనల్లుడు తర్వాతి ట్రైలరుకు అలాగే చేస్తానన్నాడు. చేశాక కొలిచి చూస్తాం.

ఇక డబ్బు లెక్క. లీటరు డీజిల్ వంద రూపాయలకు అటూ ఇటూగా ఉన్నప్పుడు, వంద కిలోమీటర్ల దూరంలో 80కీ 60కీ మధ్య తేడా మూడున్నర వందల రూపాయలకు దగ్గరగా ఉంటుంది, కలిసివచ్చే సమయం 25 నిమిషాలు. ఆ కుర్రవాడు అరకు ప్రయాణానికి 19 లీటర్లు వేసుకున్నాడు, మాకు 26 దాటింది. రాజమహేంద్రవరం వెళ్లిరావడానికి సుమారు 380 కిలోమీటర్లకు 32 లీటర్లు వేసుకున్నాడు. డ్రైవరు 80లో నడిపితే అది 57 దాటుతుంది. అద్దెకిచ్చిన బండిని 60లో నడిపేవారు ఎంతమంది ఉంటారో యజమానులకే తెలియాలి.

మీకు నా విన్నపాలు రెండు. మన రాష్ట్రంలోనే, శ్రీసిటీలో, ఇసుజు పికప్‌లు 2016 నుంచి తయారవుతున్నాయి. కారవాన్ పర్యాటకం గురించి ప్రభుత్వాలూ మాట్లాడుతున్నాయి. కనుక పికప్‌లు తయారుచేసేవారినీ, ట్రైలర్లు కట్టేవారినీ, ఫలానా వెడల్పు, ఎత్తు ఉన్న ట్రైలరుతో 60లో ఇంత, 80లో ఇంత అని మైలేజీ ప్రకటించమని మీ పత్రిక ద్వారా అడగండి. రెండవది, ఆ వ్యాసంలోని పన్నెండు అమెరికా గ్యాలనుకు పన్నెండు మైళ్లనీ, మన లెక్కలో లీటరుకు అయిదు కిలోమీటర్లనీ ఒక చిన్న సవరణ వేయండి. నేను చెప్పినది విన్నాడు గాని, ఆ కుర్రవాడికి అచ్చులో చూసిన అంకె మీదే గురి ఎక్కువ. పికప్ యజమానికి ఇవ్వవలసిన బయానా సొమ్మును మీ సవరణ వచ్చేదాకా మా మేనల్లుడి బీరువాలో దాచమని ఇచ్చి వెళ్లాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత డీజిల్ షెడ్డు ఉద్యోగి,
గాజువాక, విశాఖపట్నం.